పసుపు పోసే ముందు

పటాన్‌చెరు చుట్టుపక్కల కార్ఖానాల్లో పనిచేసేవాళ్ళకు లీకు గురించి నేను కొత్తగా చెప్పాల్సింది లేదు. పాశమైలారంలోనో బొల్లారంలోనో ఒక పంపు సీలు దగ్గర చుక్క పడుతుంటే ఏం చెయ్యాలో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. ముందు లైను ఆపుతారు. రెండు వైపులా వాల్వులు కట్టేస్తారు. లోపల ప్రెషర్ పూర్తిగా దిగిపోయిందని గేజ్ చూసి రూఢి చేసుకుంటారు. పర్మిట్ మీద సంతకం పడేదాకా ఎవరూ పానా ముట్టరు. అదే మనిషి షిఫ్టు దిగి ఇంటికి వస్తూ, ముత్తంగి దాటాక బానెట్ కింద నుంచి ఆవిరి లేస్తే, కారు పక్కకు తీసిన మరుక్షణం చేతిగుడ్డ అడ్డం పెట్టి రేడియేటర్ మూత తిప్పుతాడు. మొహం మీదికి మరిగే నీళ్ళు చిమ్ముతాయి.

తెలియక చేసే పని కాదది. తెలిసినవాడే చేస్తాడు. వెనక హారన్లు మోగుతుంటాయి, ఇంటి దగ్గర భార్యాపిల్లలు ఎదురుచూస్తుంటారు, పోయేవాళ్ళంతా తననే చూస్తున్నట్టు ఉంటుంది. కార్ఖానాలో ఆగడం పనిలో భాగం. రోడ్డు మీద ఆగితే పరువు పోయినట్టనిపిస్తుంది. ఈ అధ్యాయం రేడియేటర్ లీకు గురించే అయినా, నేను మీ నుంచి అడిగేది ఒక్కటే: కార్ఖానాలో మీకు వచ్చిన క్రమాన్ని ఇంటి ముందుకు కూడా తెచ్చుకోండి. మిగతాదంతా చేతి పని. అది ఎవరికైనా వస్తుంది.

నా సంగతి చెబుతాను. చాలా ఏళ్ళ కిందట ఒక మే నెల మధ్యాహ్నం, కుటుంబంతో సదాశివపేట నుంచి వస్తూ ఇస్నాపూర్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాను. కారు నాకన్నా ముందు ఇద్దరి చేతులు మారినది. వేడి ముల్లు ఎర్ర గీత దాటింది. పక్కకు తీసి ఆపితే కింద నీళ్ళ మడుగు. వెనకాల ఆగిన లారీ నుంచి డ్రైవరు పెద్దాయన దిగి వచ్చి, వంగి చూసి, "జర సల్లబడనీ బిడ్డా. పసుపుంటే రెండు చెంచాలెయ్యి, బందైతది" అన్నాడు. ఎదురుగా కిరాణా కొట్లో పసుపు పొట్లం కొన్నాను. గంట తర్వాత మూత తీసి పోసి, నీళ్ళు నింపి, ఇంజను స్టార్ట్ చేశాను. పది నిమిషాల్లో చుక్క ఆగింది. ఆ పెద్దాయన ఆ రోజు నా కుటుంబాన్ని ఎండలోంచి ఇంటికి చేర్చాడు. ఆయన మాటలో తప్పేమీ లేదు.

తప్పు ఆ తర్వాత నాది. చుక్క ఆగింది కదా అని రేడియేటర్ సంగతే మరిచిపోయాను. ఆరు నెలలకు, చలికాలంలో కూడా, ఎత్తు ఎక్కితే ముల్లు పైకి పోవడం మొదలైంది. రేడియేటర్ విప్పిన మెకానిక్ పసుపు రంగు బురదను అరచేతిలోకి తీసుకుని నాకు చూపించాడు. "సార్, లీకు బందు గాలే. నీళ్ళు తిరుగుడు బందైంది" అన్నాడు. ఇన్నేళ్ళూ ఆ మాట నాతోనే ఉంది.

పసుపు ఎందుకు పనిచేస్తుందో తెలిస్తే ఎందుకు చెరుపు చేస్తుందో కూడా తెలుస్తుంది. పసుపులో పిండిపదార్థం ఉంటుంది, పీచు ఉంటుంది. వేడి నీళ్ళలో అవి ఉబ్బుతాయి. లోపలి ఒత్తిడి వాటిని చిల్లు వైపు తోస్తుంది. చిల్లు సూదిమొనంత ఉంటే అక్కడ చిక్కుకుని మూస్తాయి. కానీ ఆ పొడికి ఏది చిల్లో, ఏది దారో తెలియదు. రేడియేటర్ లోపలి సన్నటి గొట్టాలు, థర్మోస్టాట్, హీటర్ లోపలి ఇరుకు దారులు, అన్నిట్లోనూ అలాగే పేరుకుంటుంది. కొట్లో దొరికే స్టాప్‌లీక్ సీసాల్లోనూ సూత్రం దాదాపు ఇదే. కొన్నిట్లో సోడియం సిలికేట్ ఉంటుంది, కొన్నిట్లో లోహపు పొడి, మొక్కల పీచు ఉంటాయి. అవి పసుపు కన్నా నయం. అయినా అవి గమ్యం చేర్చే మందులే, జబ్బు నయం చేసేవి కావు. జహీరాబాద్ దాటి ఎక్కడో ఆగిపోయి, రాత్రయి, దగ్గర్లో ఎవరూ లేకపోతే వాడండి. సీసా మీద రాసినంతే పోయండి. ఇల్లు చేరిన మర్నాడే అసలు లీకు వెతకండి.

చల్లారే దాకా

ప్రెషర్ కుక్కర్ మూత ఆవిరి దిగకముందే తీయకూడదని మన ఇళ్ళల్లో పదేళ్ళ పిల్లకు కూడా తెలుసు. రేడియేటర్ మూత కూడా సరిగ్గా అదే పని చేస్తుంది. దాని మీద 0.9 అనో 1.1 అనో అంకె ఉంటుంది. గాలి ఒత్తిడికి పైన అంత ఒత్తిడిని, బార్‌లలో, లోపల ఆపి ఉంచుతుందని అర్థం. 0.9 మూత కింద మామూలు నీళ్ళు కూడా 118 డిగ్రీల దాకా మరగవు. కూలెంట్ కలిపితే ఇంకా పైకి పోతుంది. ఆ స్థితిలో మూత తీస్తే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది, అప్పటిదాకా మరగకుండా ఉన్నది ఒకేసారి మరిగి బయటికి తన్నుకొస్తుంది. చేతిగుడ్డ దేనికీ అడ్డు కాదు.

ఇంజను ఆపాక కనీసం గంట, ఎండాకాలమైతే గంటన్నర. రాత్రంతా వదిలి పొద్దున చేస్తే మరీ మంచిది. చేత్తో పై హోస్ పైపు పట్టుకుని పిసకండి. మెత్తగా నొక్కుకుపోవాలి, వేడి తగలకూడదు. గట్టిగా ఉంటే లోపల ఒత్తిడి ఇంకా ఉన్నట్టే. తర్వాత బ్యాటరీ నెగటివ్ తీగ విప్పండి. చాలా కార్లలో రేడియేటర్ ఫ్యాన్ ఇంజను ఆపాక కూడా దానంతటదే తిరుగుతుంది. ఫ్యాన్ రెక్కల మధ్య వేళ్ళు పెట్టి పని చేసేవాళ్ళు ఈ ఒక్క తీగ మరచిపోకూడదు. కార్ఖానాలో స్విచ్చికి తాళం వేసి, చీటీ తగిలించి, తాళంచెవి జేబులో వేసుకుంటారు కదా, ఇదీ అదే.

చుక్క ఎక్కడిది?

రేడియేటర్ లీకని వచ్చే కార్లలో చాలావాటిలో రేడియేటర్ బాగానే ఉంటుంది. ఈ మాట రాసిపెట్టుకోండి. చుక్క కింద పడే చోటు, బయలుదేరిన చోటు ఒకటి కావు. నీళ్ళు ఏ గొట్టం వెంటో జారి, ఏ బోల్టు దగ్గరో ఆగి, అక్కడి నుంచి పడతాయి.

రాత్రి కారు కింద ఒక పెద్ద అట్ట పరచండి. టీవీనో ఫ్రిజ్జో వచ్చిన పెట్టె విప్పితే సరిపోతుంది. ముందు చక్రాలు ఎక్కడున్నాయో పెన్నుతో గుర్తు పెట్టండి. పొద్దున అట్ట మీద మరక మీకు సగం కథ చెబుతుంది. ముందు సీటు కింద, పక్క సీటు వైపు, రంగు లేని తేట నీళ్ళు కనిపిస్తే కంగారు పడకండి, అది ఏసీ నీళ్ళు. ఆకుపచ్చ, గులాబీ, నీలం, నారింజ, ఏదో ఒక రంగుతో కొంచెం జిగటగా, తియ్యటి వాసనతో ఉంటే కూలెంట్. గోధుమ రంగులో నూనెలా ఉంటే అది వేరే అధ్యాయం.

తర్వాత టార్చి పట్టుకుని కింద నుంచి కాదు, పై నుంచి వెతకండి. కూలెంట్ ఆరిపోయిన చోట రంగు పొక్కు కడుతుంది. తెల్లగానో పచ్చగానో ఉప్పు పేరుకున్నట్టు కనిపించే గీత ఎక్కడ మొదలైతే అక్కడే తప్పు. ముందు మూత చూడండి. దాని లోపలి రబ్బరు వాచిందో పగిలిందో చూడండి. దీని ఖర్చు రేడియేటర్ ఖర్చులో ఒక మూలకు రాదు, అయినా చాలామంది చివరన చూసేదిదే. అంకె మాత్రం పాతదానితో సరిపోవాలి. ఎక్కువ అంకె మూత వేస్తే బలమొస్తుందనుకుని బలహీనంగా ఉన్న చోటల్లా పగలగొట్టుకున్నవాళ్ళున్నారు. తర్వాత హోస్ పైపుల కొసలు, క్లాంపులు. వాటర్ పంపు కింద చిన్న రంధ్రం ఉంటుంది, అక్కడి నుంచి కారుతుంటే పంపు సీలు పోయినట్టు. దాన్ని పైనుంచి ఏ పూతతోనూ మూయకూడదు. ఆ రంధ్రం మీకు చెప్పడానికే పెట్టారు.

రేడియేటర్ మీదే అనుమానముంటే దాన్ని తుడిచి ఆరబెట్టి, పిల్లలకు రాసే టాల్కం పౌడర్ పలచగా చల్లండి. ఇంజను వేడెక్కేదాకా నడిపి, బాగా చల్లారనిచ్చి మళ్ళీ చూస్తే, పౌడర్ తడిసి ముద్దయిన చోటు కనిపిస్తుంది. నడిచే ఇంజను దగ్గర ఫ్యాన్‌కు, బెల్టుకు దూరంగా ఉండండి. వదులు చొక్కా, మెడలో కండువా వద్దు.

మూడు లక్షణాల్లో ఏది కనిపించినా ఇంట్లో పని ఆపండి. ఇంజన్ ఆయిల్ కొలిచే కడ్డీకి పాలు పోసిన చాయ్ రంగు నురగ అంటడం, వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ ఆగకపోవడం, కూలెంట్ డబ్బాలో బుడగలు ఆగకుండా రావడం. ఇవి హెడ్ గ్యాస్కెట్ వైపు వేలు చూపుతాయి. అలాంటి కారును ఇంకో కిలోమీటరు కూడా నడపకండి, తాడు కట్టి లాగించుకుపోండి. బయట ఎక్కడా తడి లేకుండా కూలెంట్ తగ్గుతూ, ముందు అద్దం లోపల ఆవిరి పడుతూ, పక్క సీటు కాళ్ళ దగ్గర పట్టా తడిగా ఉంటే హీటర్‌లో లీకు. అదీ షాపు పనే.

ఇంట్లో చేతనయ్యేది, కానిది

హోస్ కొస దగ్గర కారుతుంటే అదృష్టం. క్లాంపు విప్పి, కొస పగిలినంత మేర, పొడవు మిగిలితే, పదునైన కత్తితో కోసి, లోహపు మెడను ఉప్పు కాగితంతో రుద్ది శుభ్రం చేసి, కొత్త క్లాంపు వెయ్యండి. మరీ బిగిస్తే రబ్బరు తెగుతుంది. హోస్ మధ్యలో పగిలితే మార్చడమే. దారిలో పగిలితే తుడిచి ఆరబెట్టి, సైకిల్ ట్యూబు ముక్క గట్టిగా చుట్టి, పైన తీగ కట్టి, నెమ్మదిగా ఇల్లు చేరడం మన తాతల నాటి పద్ధతి. ఇప్పటికీ పనిచేస్తుంది, ఇంటి దాకానే.

ఇక అసలు రేడియేటర్. విల్హెల్మ్ మేబాక్ రూపకల్పన చేసి 1900లో పూర్తిచేసిన మెర్సిడిస్ 35 హెచ్‌పీ కారుకు తేనెపట్టు లాంటి రేడియేటర్ ఉండేది, అందులో 8,070 చిన్న గొట్టాలు. తొమ్మిది లీటర్ల నీళ్ళతో అంత ఇంజనును చల్లబరచగలిగాడు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా రేడియేటర్ రహస్యం ఒకటే, పలచన. గొట్టం గోడ ఎంత పలచన అయితే వేడి అంత తొందరగా బయటికి పోతుంది, చిల్లు కూడా అంత తొందరగా పడుతుంది. ఇవాళ్టి అల్యూమినియం గొట్టాల గోడ అర మిల్లీమీటరు కూడా ఉండదు. దాన్ని స్క్రూడ్రైవర్‌తో గీకేటప్పుడు ఇది మనసులో ఉండాలి.

పాత అంబాసిడర్లకు, పాత లారీలకు, ట్రాక్టర్లకు రాగి, ఇత్తడి రేడియేటర్లు ఉండేవి. వాటికి టంకం పెట్టొచ్చు. తగరం, సీసం కలిసిన టంకం 190 డిగ్రీల లోపే కరగడం మొదలవుతుంది కాబట్టి చేతి నైపుణ్యమున్నవాడు గంటలో బాగుచేసేవాడు. రేడియేటర్ షాపుల్లో ఆ మనుషులు ఇంకా ఉన్నారు. వాళ్ళ దగ్గరికి పోండి. ఇంట్లో గ్యాస్ మంట పెట్టి టంకం ప్రయత్నిస్తే ఒక చిల్లు మూసే లోపు పక్క అతుకు ఊడుతుంది. ఇప్పటి కార్లకు మధ్యలో అల్యూమినియం, రెండు అంచుల్లో నైలాన్ ప్లాస్టిక్ టాంకులు, రెండూ కలిసే చోట రబ్బరు. వాటికి టంకం పట్టదు.

అల్యూమినియం గొట్టానికి రాయి తగిలో, తుప్పు తిన్నో సూదిమొన చిల్లు పడితే ఇంట్లో మూయొచ్చు. కూలెంట్ పూర్తిగా ఒక శుభ్రమైన బకెట్లోకి దించి, రేడియేటర్ విప్పి బల్ల మీద పెట్టుకోండి. విప్పకుండా, ఇరుకులో చేతులు దూర్చి పెట్టిన పూత నిలవడం నేను అరుదుగా చూశాను. చిల్లు చుట్టూ ఉన్న రేకులను సన్నటి ముక్కు పటకారుతో జాగ్రత్తగా తుంచి, వేలు పట్టేంత చోటు చేసుకోండి. ఉప్పు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్దండి. థిన్నర్‌తో తుడవండి. తుడిచాక వేలు తగలనివ్వకండి, వేలి జిడ్డు చాలు పూత ఊడడానికి. లోపల ఒక్క చుక్క తడి ఉన్నా పూత నిలవదు, కాబట్టి ఎండలో పూట సేపు పెట్టండి. మన ఎండలు ఈ ఒక్క పనికి గొప్ప సాయం.

పూత విషయంలో మనవాళ్ళు చేసే పొరపాటు ఇంట్లో నల్లా పైపుకు వాడిన ఎం-సీల్ మిగిలిందని అదే పెట్టడం. నీటి పైపు వేరు, నూరు డిగ్రీలు దాటి ఒత్తిడితో తిరిగే ద్రవం వేరు. రెండు భాగాలు కలిపే, లోహానికి పట్టే ఎపాక్సీ తీసుకోండి. పెట్టె మీద 150 డిగ్రీలో అంతకన్నా ఎక్కువో తట్టుకుంటుందని రాసి ఉండాలి. రెండు భాగాలూ సమంగా, రంగు ఒకటయ్యేదాకా కలపండి. చిల్లు మీద ముద్ద పెట్టి వదిలెయ్యకుండా, సన్నటి పుల్లతో లోపలికి నొక్కి, చుట్టూ ఒక సెంటీమీటరు దాకా పరిచి రాయండి. ఇరవై నాలుగు గంటలు ముట్టుకోవద్దు. గంటలో గట్టిపడిందని పెట్టె మీద రాసినా సరే.

ప్లాస్టిక్ టాంకు పగిలితే నేను నిజాయతీగా చెప్పేది వేరు. నైలాన్‌కు ఏ జిగురూ బాగా అంటదు. పగులు రెండు కొసల్లో రెండు మిల్లీమీటర్ల రంధ్రం వేసి పగులు ముందుకు పోకుండా ఆపి, గాడి తీసి ఎపాక్సీ నింపితే కొన్ని వారాలు గడుస్తాయి. కానీ ఆ ప్లాస్టిక్ పదేళ్ళ వేడికి పెళుసెక్కే పగిలింది. ఇవాళ ఇక్కడ పగిలితే రేపు ఇంకోచోట పగులుతుంది. షాపులో టాంకూ రబ్బరూ మార్పించుకోండి, కుదరకపోతే కొత్త రేడియేటర్. ప్లాస్టిక్‌కూ అల్యూమినియంకూ మధ్య మడత దగ్గర కారుతుంటే పైనుంచి పూసింది ఏదీ నిలవదు. తప్పు లోపలి రబ్బరుది.

మా వీధిలో బీహెచ్‌ఈఎల్ నుంచి రిటైరైన ఫిట్టర్ ఒకాయన ఉండేవారు. రామచంద్రాపురంలోని ఆ కార్ఖానా 1965లో ఉత్పత్తి మొదలుపెట్టిన కాలపు క్రమశిక్షణ ఆయనలో చివరిదాకా ఉంది. నేను పూత పూసి మురిసిపోతుంటే "టెస్టు చేసినవా?" అని అడిగారు. "లేదు మామా, ఎండింది కదా" అన్నాను. "ఎండినా, నిండినా, టెస్టు చెయ్యంది రిపేరు గాదురా" అన్నారు. అప్పుడు ఆయన చూపించిన పద్ధతే మీకు చెబుతున్నాను. రేడియేటర్ మెడలు రెండూ పాత హోస్ ముక్కలతో, చెక్క బిరడాలతో, క్లాంపులతో మూసేయండి. పొంగిన కూలెంట్ పోయే సన్న గొట్టానికి సైకిల్ పంపు తగిలించండి. రేడియేటర్ మీదే మూత ఉండే రకమైతే, మూత ఉన్న మెడకు వేరే బిరడా పెట్టాలి. పెద్ద టబ్బులో ముంచి నెమ్మదిగా గాలి కొట్టండి. పంక్చర్ షాపులో ట్యూబు ముంచినట్టే. బుడగ వస్తే లీకుంది. గాలి మూత మీది అంకెను మించకూడదు, 0.9 అంటే 13 పాయింట్లు. టైరుకు కొట్టే 30 పాయింట్లు కొడితే బాగున్న రేడియేటర్ కూడా చిరగొచ్చు. కంప్రెసర్ దగ్గరికి పోవద్దు, చేతి పంపే చాలు.

మన నీళ్ళు

ఇంత దూరం వచ్చాక ఒక ప్రశ్న మిగులుతుంది. చిల్లు ఎందుకు పడింది? రాయి తగిలి పడ్డ చిల్లులు కొన్నే. మన ప్రాంతంలో చాలా రేడియేటర్లను లోపలి నుంచి తినేది మనం పోసే బోరు నీళ్ళు.

స్టవ్ మీద నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లగా గార కట్టడం ఇస్నాపూర్, బొల్లారం ఇళ్ళల్లో అందరూ చూసిందే. గీజర్ కడ్డీ తీస్తే సున్నం పెంకులు రాలతాయి. అదే గార రేడియేటర్ గొట్టాల లోపల కడుతుంది, వేడిని బయటికి పోనివ్వదు. అది కనబడే నష్టం. కనబడనిది క్లోరైడు. అల్యూమినియం మీద సహజంగా ఉండే రక్షణ పొరను అది ఒక్కొక్క చోట తొలిచి, గుంటలు చేసి, చివరికి సూదిమొన చిల్లు వేస్తుంది. తాగే నీళ్ళకు భారత ప్రమాణం ప్రకారం కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే దారి లేకపోతే 2,000 దాకా ఒప్పుకుంటారు. ఆ లవణాలను చూపే, చవకగా దొరికే టీడీఎస్ మీటరుతో మీ బోరు నీళ్ళను ఒకసారి కొలిచి చూడండి. ఆ అంకె చూశాక రేడియేటర్లో ఆ నీళ్ళు పోయడానికి చేయి రాదు.

ఈ నేల కింది నీళ్ళు ఇలా ఉండడానికి రాయి ఒక కారణం. ఇంకో కారణం మనకందరికీ తెలుసు. 1970లలో పారిశ్రామికవాడ వచ్చాక వ్యర్థాలు నక్కవాగులోకి, అక్కడి నుంచి మంజీరలోకి పోయాయి. 1990లో విషయం సుప్రీంకోర్టుకు చేరింది. పటాన్‌చెరు డాక్టర్ అల్లాని కిషన్‌రావు లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి దాని కోసం కొట్లాడారు. ఇక్కడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్ళలో స్వీడన్ పరిశోధకులు కనుగొన్న మందుల మోతాదు 2007లో అచ్చయినప్పుడు ప్రపంచమంతా ఈ ఊరి పేరు విన్నది. ఆ సంగతి రేడియేటర్ అధ్యాయంలో ఎందుకంటారేమో. మీరు బకెట్లోకి దించిన పాత కూలెంట్ ఎక్కడ పోస్తారని అడగడానికే.

కూలెంట్‌లో ఎథిలీన్ గ్లైకాల్ ఉంటుంది. తియ్యగా ఉంటుంది, అదే దాని ప్రమాదం. ఒక చిన్న గ్లాసెడు పెద్ద మనిషి ప్రాణం తీయగలదు. కిడ్నీలను కొట్టేస్తుంది. వీధి కుక్కలు నాకుతాయి, పిల్లలు రంగు చూసి ముచ్చటపడతారు. మంచినీళ్ళ సీసాలోనో, థమ్సప్ సీసాలోనో ఎప్పుడూ పోయకండి. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి, పెద్ద అక్షరాలతో "విషం" అని రాసి, పిల్లలకు అందని చోట పెట్టి, పాత కూలెంట్ తీసుకునే వర్క్‌షాపులో ఇవ్వండి. ఇచ్చే ముందు, వాళ్ళు దాన్ని ఏం చేస్తారని అడగండి. మోరీలో పోస్తామంటే ఇంకో షాపు చూసుకోండి. కింద కారిన చుక్కల మీద ఇసుకో రంపపు పొట్టో చల్లి ఎత్తేయండి, గొట్టంతో కడిగి మోరీలోకి తోయకండి. మన నీళ్ళను ఎవరో పాడుచేశారని మనం ఇన్నేళ్ళు బాధపడ్డాం. మన గుమ్మం ముందు నుంచి పోయే ఒక్క బకెట్ అయినా మన చేతిలో ఉంది.

నింపడం

కొత్తగా నింపేటప్పుడు కారు పుస్తకంలో ఏ రకం కూలెంట్ రాశారో అదే తీసుకోండి. రంగు చూసి కొనొద్దు. రంగు ఆయా కంపెనీల ఇష్టం, రెండు ఆకుపచ్చలు ఒకటే కానక్కర్లేదు, రెండు రకాలు కలిస్తే కొన్నిసార్లు జిగటగా విరిగిపోతాయి. కలిపి అమ్మేది కాక చిక్కటిది కొంటే సగానికి సగం డిస్టిల్డ్ వాటర్ కలపండి. పెట్రోలు బంకుల్లో బ్యాటరీ వాటర్ పేరుతో దొరుకుతుంది. అది నీళ్ళేనా, యాసిడా అని సీసా మీద చదివి మరీ కొనండి. దారిలో ఏమీ దొరక్కపోతే ఆర్‌ఓ ప్లాంటు నీళ్ళు బోరు నీళ్ళ కన్నా చాలా నయం. ఇల్లు చేరాక మార్చుకుంటే సరి. ఇక్కడ చలి లేదు కదా కూలెంట్ ఎందుకని అనేవాళ్ళు మన దగ్గర చాలామంది. గడ్డకట్టకుండా ఉండడం ఒక్కటే దాని పని అయితే నేనూ ఒప్పుకునేవాణ్ణి. మరిగే హద్దు పెంచడం, తుప్పును ఆపడం మనకు కావాల్సినవి, అవి రెండూ బోరు నీళ్ళలో లేవు.

పాత గారను నిమ్మ ఉప్పు వేసి కడగమని కొందరు చెబుతారు. ఆరోగ్యంగా ఉన్న రేడియేటర్లో, తక్కువ మోతాదులో, తర్వాత బాగా కడిగితే పర్వాలేదు. పాతబడి పలచబడ్డదానిలో మాత్రం వద్దు. కొన్ని చిల్లులను ఆ గారే మూసి ఉంచుతుంది.

నెమ్మదిగా పోయండి. హీటర్ పూర్తి వేడి మీద పెట్టి, మూత తీసే ఉంచి ఇంజను నడపండి. మధ్యమధ్యలో పై హోస్‌ను పిసుకుతుంటే చిక్కుకున్న గాలి బుడగలై పైకి వస్తుంది. మట్టం పడిపోతుంటే పోస్తుండండి. హోస్ వేడెక్కుతుండగానే, పొంగే దాకా ఆగకుండా మూత పెట్టేసి, ఫ్యాన్ రెండు సార్లు తిరిగి ఆగేదాకా చూడండి. కొన్ని కార్లకు గాలి తీయడానికి విడిగా స్క్రూ ఉంటుంది, పుస్తకం చూసుకోండి. గాలి మిగిలితే లీకు లేకపోయినా కారు వేడెక్కుతుంది, రిపేరు సరిగా కాలేదని మీరు మళ్ళీ మొదటికొస్తారు. పూర్తిగా చల్లారాక డబ్బాలో కూలెంట్ మట్టం రెండు గీతల మధ్య ఉండాలి. అక్కడ పెన్నుతో చిన్న గీత గీసి, పక్కన తేదీ రాయండి.

మొదటి ప్రయాణం సంగారెడ్డి దాకా వద్దు. వీధి చివరి దాకా పోయి రండి. తర్వాత ఔటర్ రింగ్ రోడ్డు దాకా. వారం రోజులు రోజూ పొద్దున, ఇంజను ముట్టకముందు, ఆ గీత చూడండి. రాత్రి పడుకోబోయే ముందు, మొదటి రోజు పరిచిన అట్టనే తిరగేసి, శుభ్రంగా ఉన్న వైపు పైకి పెట్టి, మళ్ళీ కారు కిందకు తోయండి.